‘డిఫరెంట్ టు’ తప్పేనా? ప్రిపొజిషన్ పేచీల్లో గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ ఎంతవరకు పనికొస్తుంది

ఇంగ్లిష్ ప్రిపొజిషన్ల మీద పేచీ మొదలైతే ఒక పట్టాన తెగదు. ‘డిఫరెంట్ టు’ తప్పని ఒకరు, లోకమంతా అంటుంటే తప్పెలా అవుతుందని ఇంకొకరు. మాటా మాటా పెరిగాక ఎవరో ఒకరు గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ గ్రాఫు తెచ్చి ముందు పెడతారు. గీత చూడగానే గొంతులు తగ్గుతాయి. ఆ గీతకు అంత మర్యాద ఇవ్వొచ్చా లేదా అన్నదే ఈ సమీక్ష.

సరుకు మంచిదే. డబ్బు అడగదు, ఖాతా తెరవమనదు, అడిగిన క్షణంలో గీత గీసి ఇస్తుంది. కానీ చాలామంది అడిగే పద్ధతిలో, రెండు మాటలు కొట్టి ఎంటర్ నొక్కితే, ప్రిపొజిషన్ల దగ్గర ఇది పక్కదారి పట్టించడమే ఎక్కువ. అడగడం తెలిసినవాళ్లకు మాత్రం ఉచితంగా దొరికేవాటిలో ఇంతకు మించింది కనపడదు.

ముందుగా లిపి ఇబ్బంది ఒకటి. ఇంగ్లిష్‌లో ఒక ఎఫ్ ఉన్న మాటా, రెండు ఎఫ్‌లు ఉన్న మాటా తెలుగులో రాస్తే రెండూ ‘ఆఫ్’ అయిపోతాయి. కింద ఒక ఎఫ్ దాన్ని ‘ఆవ్’ అని, రెండు ఎఫ్‌ల దాన్ని ‘ఆఫ్’ అని రాశాం. పెట్టెలో కొట్టేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇది చేసే పని ఏమిటి

2010 డిసెంబరులో గూగుల్ దీన్ని బయటపెట్టింది. స్కాన్ చేసిన పుస్తకాల్లో ఒక మాట, లేదా వరసగా ఐదు మాటల వరకు ఉన్న గుంపు, ఏ ఏడాది ఎంత తరచుగా వచ్చిందో లెక్క చూపిస్తుంది. శాతం ఎలా కడుతుందంటే, మీరు అడిగింది రెండు మాటల గుంపు అయితే ఆ ఏడాది పుస్తకాల్లోని రెండు మాటల గుంపులన్నిటితో భాగిస్తుంది. మూడు మాటలైతే మూడు మాటల గుంపులతో. అమెరికాలో అచ్చైనవి, బ్రిటన్‌లో అచ్చైనవి, కాల్పనిక సాహిత్యం అని ఇంగ్లిష్‌ను విడివిడిగానూ అడగొచ్చు. మిగతా ఇంగ్లిష్‌లకు, అంటే భారత్, నైజీరియా, సింగపూర్, ఆస్ట్రేలియాల్లో రాసే ఇంగ్లిష్‌కు, విడి కార్పస్ (లెక్క కోసం పోగేసిన రాతల రాశి) లేదు. ఈ లోటు ఎక్కడ కొడుతుందో తర్వాత చూద్దాం.

మొత్తమ్మీద 40 పుస్తకాల్లోనైనా కనిపించని గుంపును ఇది లెక్కలోకే తీసుకోదు. కాబట్టి ‘దొరకలేదు’ అన్న జవాబుకు అర్థం ఆ వాడుక లోకంలో లేదని కాదు. 40 పుస్తకాల గడప దాటలేదని మాత్రమే.

ఒక్క మాటతో పరీక్ష

‘డిఫరెంట్’ని తీసుకుందాం. దీని పక్కన ‘ఫ్రమ్’, ‘టు’, ‘దాన్’ మూడూ వస్తాయి. మూడూ పాతవే. 17వ శతాబ్దం నాటికే మూడూ అచ్చులో ఉన్నాయి. ‘ఫ్రమ్’ తప్ప మిగతావి తప్పన్న పట్టుదల తర్వాత పుట్టింది. దాన్ని 1926లోనే ఫౌలర్ తన వాడుక నిఘంటువులో మూఢనమ్మకాల లెక్కలో వేశాడు. అయినా ఆ నమ్మకం చావలేదు.

‘డిఫరెంట్ ఫ్రమ్, డిఫరెంట్ టు, డిఫరెంట్ దాన్’ అని కామాలు పెట్టి కొడితే మూడు గీతలు వస్తాయి. అందరూ ఆగేది ఇక్కడే. కానీ ఆ ‘డిఫరెంట్ టు’ గీతలో సగం సరుకు వేరేది. ‘సమ్‌థింగ్ డిఫరెంట్ టు డూ’ అన్న వాక్యంలో ఉన్న ‘టు’ ప్రిపొజిషన్ కాదు, క్రియకు ముందు తగిలేది. యంత్రానికి ఆ తేడా పట్టదు, రెండు మాటలు పక్కపక్కన ఉన్నాయా లేదా అన్నదే చూస్తుంది. ‘సగం’ అన్నది మాట వరసకు. అసలు వాటా ఏడాదిని బట్టీ కార్పస్‌ను బట్టీ మారుతుంది, అది మరీ ప్రమాదం.

దీనికి మందు సులువే. ప్రిపొజిషన్ తర్వాత మాటను కూడా కట్టేయండి. ‘డిఫరెంట్ ఫ్రమ్ ది’, ‘డిఫరెంట్ టు ది’, ‘డిఫరెంట్ దాన్ ది’ అని అడిగితే ‘ది’ తర్వాత క్రియ రాదు కాబట్టి ఆ చెత్తంతా రాలిపోతుంది. ‘ది’ బదులు ‘దట్’ పెట్టి ఒకసారి, ‘మై’ పెట్టి ఒకసారి చూడండి. మూడు చట్రాల్లోనూ గీతల వరస ఒకేలా ఉంటే నమ్మొచ్చు. వరస మారిందంటే ఇంకా ఏదో కలిసిపోతోందన్నమాట.

ఇలా కడిగి చూస్తే అమెరికన్ కార్పస్‌లో ‘ఫ్రమ్’ పైన, దాని కింద ‘దాన్’, నేలకు అంటుకుని ‘టు’ కనిపిస్తాయి. బ్రిటిష్‌లోనూ ‘ఫ్రమ్’ పైనే, కానీ రెండో స్థానం ‘టు’ది. అంటే ‘డిఫరెంట్ టు’ తప్పు కాదు, బ్రిటిష్ వాడుక. ‘డిఫరెంట్ దాన్’ అమెరికన్ వాడుక. ఏ పాఠకుడి కోసం రాస్తున్నామో తేలకపోతే ‘ఫ్రమ్’ వాడండి, అది ఎక్కడా ఎవరికీ తప్పనిపించదు.

ఒక మెలిక మాత్రం గ్రాఫులో దొరకదు. ‘దాన్’ తర్వాత పూర్తి వాక్యం రావచ్చు: ‘ఇట్ ఈజ్ డిఫరెంట్ దాన్ ఇట్ వజ్’. ఇక్కడ ‘ఫ్రమ్’ పెట్టాలంటే నడుమ ‘వాట్’ దూర్చి ‘ఫ్రమ్ వాట్ ఇట్ వజ్’ అనాలి. ఈ జాగాలో ‘దాన్’కు నిజంగానే పని ఉంది. ‘దాన్’ వాడినవాళ్లందరినీ ఒకే గాటన కట్టి తప్పు పట్టేవాళ్లు దీన్ని చూడరు, గ్రాఫు చూపించదు.

కలుపు ఎక్కడెక్కడ మొలుస్తుంది

ప్రిపొజిషన్లు చిన్న మాటలు, ఎక్కడ పడితే అక్కడ వస్తాయి. అందుకే మిగతా మాటలతో పోలిస్తే వీటి లెక్కలో కలుపు ఎక్కువ.

‘ఆన్ యాక్సిడెంట్’ చూడండి. ‘బై యాక్సిడెంట్’ అనాల్సిన చోట అమెరికాలో చిన్న వయసువాళ్లు ‘ఆన్ యాక్సిడెంట్’ అంటున్నారు. ‘ఆన్ పర్పస్’కు ఎదురు మాట కాబట్టి అదే అచ్చులో పోసుకున్నారు. కావాలని చేస్తే ‘ఆన్’, పొరపాటున చేస్తే ‘బై’ ఎందుకో ఇంగ్లిష్ కూడా చెప్పలేదు, కాబట్టి వాళ్ల తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గ్రాఫులో ‘ఆన్ యాక్సిడెంట్’ కొడితే 20వ శతాబ్దం మొదట్లోనే గీత కనిపిస్తుంది. అబ్బో, ఇంత పాతదా అనిపిస్తుంది. అది ‘రిపోర్ట్ ఆన్ యాక్సిడెంట్ ప్రివెన్షన్’, ‘డేటా ఆన్ యాక్సిడెంట్ రేట్స్’ బాపతు. ప్రమాదాల నివారణ మీద వచ్చిన నివేదికలు ఈ గీతను మోస్తున్నాయి. దీన్ని వడకట్టాలంటే ముందువైపు కట్టాలి: ‘డిడ్ ఇట్ ఆన్ యాక్సిడెంట్’, ‘హిమ్ ఆన్ యాక్సిడెంట్’, ‘మీ ఆన్ యాక్సిడెంట్’. ఆ పని కాల్పనిక సాహిత్యం కార్పస్‌లో చేయాలి, సంభాషణలు ఉండేది అక్కడే కదా.

‘బేస్డ్ ఆఫ్’ ఇంకో రకం. ‘బేస్డ్ ఆన్’ బదులు ఇప్పుడు ‘బేస్డ్ ఆఫ్’, ‘బేస్డ్ ఆఫ్ ఆవ్’ అనేవాళ్లు పెరిగారు. రెండు మాటలే కొడితే తీరానికి దూరంగా మకాం వేసిన ఓడలన్నీ, ‘బేస్డ్ ఆఫ్ ది కోస్ట్’ అంటూ లోపలికి వచ్చేస్తాయి. ‘ఈజ్ బేస్డ్ ఆఫ్ ఆవ్’ అని నాలుగు మాటలు కొట్టండి, ఓడలు వెళ్లిపోతాయి.

‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’కు ‘సుమారు’ అన్న అర్థం కూడా ఉంది: ‘డిస్కస్ అబౌట్ ఫార్టీ క్వశ్చన్స్’ నిక్షేపంలాంటి వాక్యం. ‘మ్యారీడ్ విత్’లో ‘మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’ దూరుతుంది, పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు. ‘మ్యారీడ్ విత్ హర్’ అంటే గానీ తేలదు. ‘యాంగ్రీ ఆన్’లో ‘యాంగ్రీ ఆన్ హిజ్ బిహాఫ్’. ‘సిన్స్ టూ ఇయర్స్’లో ‘సిన్స్ టూ ఇయర్స్ బిఫోర్ ది వార్’. ఇక తప్పుల పట్టికలు అచ్చేసే వ్యాకరణ పుస్తకాలున్నాయి. ‘ఇలా రాయకండి’ అని వాటిలో ఉదాహరించిన ప్రతి తప్పూ ఇక్కడ ఒక ఓటే. మామూలు మాటలకు ఈ ఓట్లు సముద్రంలో కాకిరెట్ట, అరుదైన వాడుకకు మాత్రం గీతను పైకి లేపేంత బరువు.

తీసివేత గుర్తుకు మంచి పని దొరికేది ‘గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్’ దగ్గర. 19వ శతాబ్దంలో శుద్ధవాదులు ‘వజ్ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్’ అనాలన్నారు, పట్టా ఇచ్చేది కళాశాల కాబట్టి. తర్వాత ‘గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్’ గెలిచింది. ఇప్పుడు ‘ఫ్రమ్’ కూడా వదిలేసి ‘గ్రాడ్యుయేటెడ్ కాలేజ్’ అంటే తిట్టు పడుతోంది. ఈ చరిత్రను గీతల్లో చూడాలంటే ‘గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్’ అని ఊరికే కొట్టకూడదు, దాని కడుపులోనే ‘వజ్ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్’ కూడా ఉంది. మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసేయాలి: కుండలీకరణంలో మొదటి గుంపు, ఖాళీ, మైనస్, ఖాళీ, రెండో గుంపు. ఖాళీలు వదలకపోతే మైనస్‌ను మాట మధ్య గీతగా తీసుకునే ప్రమాదం ఉంది. ‘వర్’, ‘బీన్’ రూపాలు ఇంకా మిగులుతాయి, వాటినీ అలాగే తీసుకుంటూ పోవచ్చు.

గీతల ఎత్తు కాదు, నిష్పత్తి

రెండు గీతలు పైకి పోతుంటే రెండూ పెరుగుతున్నాయనుకుంటాం. అసలు ‘డిఫరెంట్’ అన్న మాటే ఎక్కువ వాడుతున్నారేమో. అందుకని భాగహారం వాడాలి. ‘డిఫరెంట్ దాన్ ది’ని ‘డిఫరెంట్ ఫ్రమ్ ది’తో భాగించమంటే ఒకే గీత వస్తుంది, మొదటిది రెండోదానికి ఎన్నో వంతో చెబుతుంది. ప్రిపొజిషన్ పేచీకి కావాల్సిన అంకె ఇదొక్కటే. వాడుక నిఘంటువులు రాసే బ్రయన్ గార్నర్ కూడా 2016 ముద్రణ నుంచి ఇలాంటి నిష్పత్తులనే పక్కన వేస్తున్నాడు.

ఎంత నిష్పత్తి దాకా ‘తప్పు’ అనొచ్చు? ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, ఈ సమీక్షకు పెట్టుకున్న కొలత: దిద్ది అచ్చేసిన పుస్తకాల్లో పదికొకటి కనిపిస్తే దాన్ని తప్పనడం మానేయాలి. నూటికొకటి ఉంటే అది మాటల్లో చెల్లుతుంది, దరఖాస్తులో చెల్లదు. వెయ్యికొకటి కూడా లేకపోతే, వాడేవాళ్లు ఎంతమంది ఉన్నా, రాతలో దిద్దేయడమే మేలు. ఒక్క ఏడాది అంకె పట్టుకోవద్దు, కనీసం ఇరవయ్యేళ్ల గీత ఎటు వంగుతోందో చూడాలి.

వంపు గురించి మరో మాట. స్మూతింగ్ అన్న మీట మొదటే 3 మీద ఉంటుంది. అంటే ప్రతి ఏడాదికీ అటు మూడేళ్లు, ఇటు మూడేళ్లు కలిపి ఏడేళ్ల సగటు. గీత నున్నగా కనిపిస్తుంది, కానీ 2000లో మొదలైన పెరుగుదల 1997లోనే మొదలైనట్టు చూపిస్తుంది. ‘ఎప్పుడు మొదలైంది’ అన్నది ప్రశ్న అయితే 0 పెట్టండి. ‘ఎటు పోతోంది’ అన్నదైతే 3 చాలు.

నిలువు గీట అసలైన మోసగత్తె. తెరమీద ఎత్తు ఎప్పుడూ అప్పుడున్న గీతల్లో పెద్దదానికి సరిపడేలా సర్దుకుంటుంది. ‘ఆన్ యాక్సిడెంట్’ ఒక్కటే గీయిస్తే అది కొండెక్కినట్టుంటుంది. పక్కన ‘బై యాక్సిడెంట్’ పెట్టగానే నేలకు అతుక్కుపోతుంది. అందుకే పోటీదారు లేకుండా గీసిన గ్రాఫును సాక్ష్యంగా ఒప్పుకోకూడదు.

నక్షత్రం, దాని గుంట

పక్కన ఏ ప్రిపొజిషన్ వస్తుందో తెలియనప్పుడు నక్షత్రం గుర్తు పెడితే ఎక్కువగా వచ్చే పది మాటలు తనే పేరుస్తుంది. ఆ నక్షత్రానికి అండర్‌స్కోర్ తగిలించి ఏడీపీ అన్న మూడు పెద్దక్షరాలు వేస్తే పదీ ప్రిపొజిషన్లే ఉంటాయి. ‘బోర్డ్’ పక్కన ఇలా వేస్తే ‘విత్’, ‘బై’, ‘ఆవ్’ లాంటివి దిగుతాయి. (విసుగెత్తిన ‘బోర్డ్’, డైరెక్టర్ల బోర్డు కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఈ గొడవ లేదు.) ‘టయర్డ్ ఆవ్’ను చూసి పుట్టిన ‘బోర్డ్ ఆవ్’ ఇటీవలి దశాబ్దాల్లో ఎంత నిటారుగా లేచిందో కాల్పనిక సాహిత్యంలో చూడాలి. అది తప్పని చెప్పే పాత పాఠ్యపుస్తకాలు ఇంకా చెలామణిలో ఉన్నాయి, గీత వాటిని దాటేస్తోంది. మాటల్లో, కథల్లో వాడండి. పరీక్షలో, ఆఫీసు ఉత్తరంలో ‘విత్’ పెడితే పోయేదేమీ లేదు.

నక్షత్రానికి ఒక గుంట ఉంది. ఇక్కడి పదజాతుల ముద్రలో ‘టు’ ఎక్కువగా ప్రిపొజిషన్ల గుంపులో కాకుండా పార్టికల్ (క్రియలకు తోడుగా వచ్చే చిన్న మాటల) గుంపులో పడుతుంది. కాబట్టి ‘డిఫరెంట్’ పక్కన ఏడీపీ ముద్రతో అడిగితే ‘టు’ కనిపించకపోవచ్చు. అది చూసి బ్రిటిష్‌వాళ్లు కూడా ‘డిఫరెంట్ టు’ అనరని తీర్పు చెప్పేస్తే అంతే సంగతులు. ‘టు’ని ఎప్పుడూ చేత్తో విడిగా కొట్టాలి.

దిద్దినవాళ్ల వేలిముద్రలు

ఈ సాధనంలో అసలు లోపం యంత్రంలో లేదు, పుస్తకాల్లో ఉంది. పుస్తకం అచ్చుకు పోయే ముందు కాపీ ఎడిటర్ చేతిలో పడుతుంది. రచయిత ‘డిఫరెంట్ దాన్’ అని రాస్తే ఎడిటర్ ‘ఫ్రమ్’ చేస్తాడు. గ్రాఫు చూపించేది జనం ఏమంటున్నారో కాదు, ఎడిటర్లు ఏది పోనిచ్చారో. కాబట్టి ‘ఎక్కువగా వాడుతున్నారు కానీ ప్రామాణికం కాదు’ అనే వాడుక గురించి అడిగినప్పుడు దీని జవాబు ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది. ఒక వాడుక ఇక్కడ పైకి లేచిందంటే నోటి మాటల్లో అది ఎప్పుడో లేచి ఉంటుంది. లేవలేదంటే మాత్రం ఏమీ తేలనట్టే.

దానికి తోడు, ఒక పుస్తకాన్ని లక్షమంది చదివినా పదిమంది చదివినా లెక్కలో అది ఒక్కటే. 20వ శతాబ్దంలో శాస్త్ర, సాంకేతిక గ్రంథాల వాటా పెరిగింది, వాటి శైలి మొత్తం ఇంగ్లిష్ గీతను లాగేస్తుంది. ‘ఇంగ్లిష్’ అని మొదటే ఎంచి ఉన్న కార్పస్‌ను వదిలి అమెరికన్, బ్రిటిష్, కాల్పనికం విడివిడిగా చూడమనేది అందుకే.

ఈ లోటు పూడ్చేది కోకా, అంటే సమకాలిక అమెరికన్ ఇంగ్లిష్ కార్పస్. మార్క్ డేవిస్ తయారుచేశాడు, 2008లో వచ్చింది, ఇప్పుడు వంద కోట్ల మాటలు, 1990 నుంచి 2019 దాకా. సంభాషణలు, టీవీ-సినిమా సబ్‌టైటిళ్లు, బ్లాగులు, పత్రికలు, పరిశోధన వ్యాసాలు విడివిడి అరల్లో ఉంటాయి. ‘బోర్డ్ ఆవ్’ సబ్‌టైటిళ్లలో ఎంత, పరిశోధన వ్యాసాల్లో ఎంత అని పక్కపక్కన చూస్తే ‘తప్పా, మాటల వాడుకా’ అన్నది అక్కడే తేలిపోతుంది. పైగా ప్రతి వాక్యాన్నీ తెరిచి చదవొచ్చు, కలుపు కంటికే కనిపిస్తుంది. ఎన్‌గ్రామ్‌లో గ్రాఫు కింద గూగుల్ బుక్స్ లంకెలు ఉంటాయి గానీ, అక్కడ వచ్చే ఫలితాల సంఖ్యకూ గీతకూ పొంతన కుదరదు.

కోకాకు ఖాతా తెరవాలి, ఉచిత ఖాతాకు రోజుకు ఇన్ని ప్రశ్నలే అని హద్దు ఉంటుంది, తెర చూస్తే పాతకాలపు కార్యాలయంలా ఉంటుంది. అక్కడ ప్రిపొజిషన్లన్నీ రప్పించే ముద్ర అండర్‌స్కోర్, ఐ, నక్షత్రం. విచిత్రమేమిటంటే ఆ ముద్రలు ప్రిపొజిషన్ ‘టు’నీ క్రియ ముందు ‘టు’నీ చక్కగా విడదీస్తాయి, కానీ ‘దాన్’ను సముచ్చయం (కంజంక్షన్) కింద వేస్తాయి. అంటే ‘డిఫరెంట్’ని ఇక్కడ అడిగితే ‘దాన్’ మాయం, ఎన్‌గ్రామ్‌లో అడిగితే ‘టు’ మాయం. పేచీ అంతా ఆ రెంటి మీదే.

‘డిస్కస్ అబౌట్’ సంగతి

ఎన్‌గ్రామ్ చేతులెత్తేసే చోటు ఇది. ‘డిస్కస్ అబౌట్’, ‘ఎంఫసైజ్ ఆన్’, ‘ఆర్డర్ ఫర్’, ‘రిక్వెస్ట్ ఫర్’ (క్రియగా), ‘రీచ్ టు’ — ఇంగ్లిష్‌ను రెండో భాషగా రాసే దేశాల్లో ఇవి ధారాళంగా కనిపిస్తాయి. పుట్టుక కూడా తేలిగ్గానే తెలుస్తుంది. ‘డిస్కషన్ అబౌట్’, ‘ఎంఫసిస్ ఆన్’, ‘ఆర్డర్ ఫర్’, ‘రిక్వెస్ట్ ఫర్’: నామవాచకం పక్కన ఆ ప్రిపొజిషన్ సరైనదే. క్రియ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లిష్ దాన్ని వదిలేస్తుంది, మనం వదలం. పైగా తెలుగు ‘గురించి చర్చించాం’, ‘మీద నొక్కి చెప్పాం’ అని వెనక నుంచి తోస్తుంది. ‘నా మీద కోపం’ నుంచి ‘యాంగ్రీ ఆన్ మీ’, ‘నాకంటే సీనియర్’ నుంచి ‘సీనియర్ దాన్ మీ’, ‘రెండేళ్ల నుంచి’ నుంచి ‘సిన్స్ టూ ఇయర్స్’ అలా వచ్చినవే. కానీ అంతా మాతృభాష మీదికి నెట్టేయడం కుదరదు. ‘డిస్కస్ అబౌట్’ తెలుగుకు చుట్టరికమే లేని భాషలవాళ్లూ రాస్తారు. ‘టాక్ అబౌట్’ పక్కనే ఉండగా ‘డిస్కస్’ ఒక్కటే ఒంటరిగా ఎందుకుండాలన్న లోపలి ఒత్తిడి ఇంగ్లిష్‌లోనే ఉంది.

ఎన్‌గ్రామ్‌లో ‘డిస్కస్ అబౌట్ ది’ని ‘డిస్కస్ ది’తో భాగించండి, గీత దాదాపు సున్నా. అమెరికా, బ్రిటన్ అచ్చు పుస్తకాల్లో లేదని తేలింది, అంతే. మిగతా లోకం మాట తెలియాలంటే గ్లోబీ అనే కార్పస్ కావాలి. 2013లో వచ్చింది, కోకా ఇంటిదే, 20 దేశాల వెబ్ పేజీలు, 190 కోట్ల మాటలు, భారత్‌కు విడి అర ఉంది. దేశాల వారీగా గడులు వస్తాయి. దేశానికో సైజు కాబట్టి మొత్తం సంఖ్య వదిలేసి పది లక్షల మాటలకు ఎన్ని అన్న వరస చదవాలి. ‘డిస్కస్ అబౌట్’ ఆఫ్రికా, ఆసియా దేశాల గడుల్లో చిక్కగా, బ్రిటన్, అమెరికా గడుల్లో పలచగా ఉంటుంది.

అయితే అది తప్పా కాదా? ఆ గడుల లోపల మాట్లాడుకునేటప్పుడు కాదు, అర్థం కాని మనిషి లేడు. గడి దాటి వెళ్లే రాతలో, అంటే విదేశీ పత్రికకు పంపే వ్యాసంలో, భాషా పరీక్షలో, అది తప్పు కిందే పోతుంది. అక్కడ దిద్దేవాడి చేతిలో ఉన్నది బ్రిటిష్, అమెరికన్ కొలబద్ద. గ్లోబీ గడి చూపించి మార్కు అడగలేం. ‘డిఫరెంట్ టు’కూ దీనికీ తేడా అదే. దానికి వెనక బ్రిటన్ అచ్చుయంత్రాలున్నాయి, ‘డిస్కస్ అబౌట్’కు లేవు. న్యాయమా అంటే కాదు. అయినా దరఖాస్తులో ‘అబౌట్’ కొట్టేయండి.

అడగకూడని ప్రశ్నలు

రెండు ప్రిపొజిషన్లకు రెండు అర్థాలుంటే ఎన్‌గ్రామ్‌ను ఏది ఒప్పని అడగడం దండగ. ‘షౌట్ ఎట్’ అంటే మీద అరవడం, ‘షౌట్ టు’ అంటే వినపడాలని కేకేయడం. ‘ఇన్ టైమ్’, ‘ఆన్ టైమ్’ వేరు. ‘టయర్డ్ ఆవ్’ విసుగు, ‘టయర్డ్ ఫ్రమ్’ అలసట. గ్రాఫు రెండు గీతలూ గీసి ఇస్తుంది, పై గీతే ఒప్పనుకుంటే మన ఖర్మ.

ప్రిపొజిషన్ అసలు ఉండాలా వద్దా అన్న తగాదాలకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది. ‘ప్రొటెస్ట్ ది డెసిషన్’, ‘ప్రొటెస్ట్ అగెయిన్స్ట్ ది డెసిషన్’ రెండూ అడిగితే మొదటిది అమెరికాలో, రెండోది బ్రిటన్‌లో బలంగా నిలుస్తాయి. ‘అపీల్’ కూడా అంతే.

వ్యాకరణం దిద్దే యాప్‌ల గురించి రెండే మాటలు. ఎవరు తయారుచేసినదైనా, ముందు సెట్టింగుల్లో అమెరికనా బ్రిటిషా ఎంచకపోతే ప్రిపొజిషన్ల కింద అది గీసే ఎర్రగీతకు విలువ లేదు. ఎంచినా, ఎందుకు తప్పో చాలాసార్లు చెప్పదు. ఒప్పుకుంటూ పోతే ‘డిస్కస్ అబౌట్ ఫార్టీ క్వశ్చన్స్’లో ‘సుమారు’ ఎగిరిపోవచ్చు. దానికన్నా విద్యార్థుల నిఘంటువు నయం. ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్ మూడింట్లోనూ మాట పక్కనే ఏ ప్రిపొజిషన్ పడుతుందో, అది బ్రిటిషో అమెరికనో గుర్తు వేసి ఉంటుంది. పదిలో ఎనిమిది పేచీలు అక్కడే, గ్రాఫు దాకా రాకుండానే తీరతాయి. మిగిలిన రెండిటికే ఎన్‌గ్రామ్ తెరవాలి.

ఇక ఎవరైనా గ్రాఫు తెచ్చి మీ ముందు పెడితే బొమ్మ ఒప్పుకోకండి, లంకె అడగండి. స్క్రీన్‌షాట్‌లో కోసేయడానికి వీలైనవన్నీ — ఏ కార్పస్, ఏ ఏళ్లు, ఎంత స్మూతింగ్ — లంకెలో ఉండిపోతాయి. తెరిచి స్మూతింగ్ సున్నా చేయండి, ప్రిపొజిషన్ తర్వాత ‘ది’ తగిలించండి, పక్కన పోటీ మాట పెట్టండి. గీత అప్పటికీ అలాగే ఉంటే తెచ్చినవాళ్ల మాట నిలబడినట్టే.